బిడ్డను పోగొట్టుకున్న తల్లి “నా బిడ్డ ఎక్కడుంది?” అని అడిగితే

సంఘంలో ఎవరింట్లోనైనా పసిబిడ్డ పోతే కబురు ముందు పాస్టర్‌గారికి వస్తుంది. లోపలి గదిలో తల్లి పక్కన కూర్చునేది మాత్రం చాలాసార్లు ఆడవాళ్లమే. నేను పాస్టరమ్మను. ఏళ్ల తరబడి అలాంటి గదుల్లో కూర్చున్నాను. అక్కడ ఎన్ని మాటలు నడిచినా, అందరూ కాస్త పక్కకు వెళ్లాక తల్లి నెమ్మదిగా అడిగేది ఒక్కటే: “అమ్మగారూ, నా బిడ్డ ఇప్పుడు ఎక్కడుంది?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా సేవలోకి వచ్చిన పాస్టర్లు, వాళ్ల భార్యలు, సంఘ పెద్దలు, సండే స్కూల్ టీచర్లు. బైబిల్ ఏం చెబుతోంది, ఎక్కడ నేరుగా చెప్పలేదు, సంఘాలు ఎందుకు వేరువేరుగా బోధిస్తున్నాయి, ఇందులో దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఎంత చెప్పాలి, ఇవన్నీ ఆ ఇంటి గుమ్మం ఎక్కకముందే తేల్చుకోవాలి. అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే అనుకుంటే, ఆ టెన్షన్‌లో నోటికి ఏదొస్తే అది అనేస్తాం. మనం మర్చిపోతాం, ఆమె మర్చిపోదు.

ముందు చిన్న జవాబు సిద్ధం చేసుకోండి

రెండే రెండు వాక్యాలు చాలు. నేను చెప్పేది ఇది: “నీ బిడ్డ యేసయ్య దగ్గర ఉందమ్మా. పసిపిల్లల్ని ఎత్తుకుని దీవించినవాడు నీ బిడ్డను వదిలేసేవాడు కాదు.” అంతవరకు చెప్పి ఆగుతాను. ఆమె ఏడిస్తే ఏడవనిస్తాను. ఇంకేమైనా అడిగితే అడిగినదానికే జవాబు చెబుతాను. ఆ పూట రెఫరెన్సులు ఏకరువు పెట్టను.

మీ సంఘ బోధ ప్రకారం అంత గట్టిగా అనలేరనుకోండి, మీరు నమ్మినంతే చెప్పండి. “నీ బిడ్డను దేవుని చేతుల్లో పెట్టాం. ఆయన కృప మనం ఊహించేదానికంటే చాలా పెద్దది” అనండి. అదీ నిజమే, అదీ ఆదరణే. మీరు నమ్మని మాట మాత్రం ఆమె కోసమని చెప్పకండి. దుఃఖంలో ఉన్నవాళ్లు మాటకంటే ముందు గొంతును వింటారు.

ఇదే ప్రశ్న బైబిల్ స్టడీలో ఒక కుర్రాడు నోట్‌బుక్ తెరిచి అడిగితే వేరే సంగతి. అతనికి వాక్యాలన్నీ చూపించండి, చరిత్ర చెప్పండి, తేలని చోట తేలలేదని చెప్పండి. కిందంతా నేను రాసేది ఆ కుర్రాడికి సరిపోయేంత ఉంటుంది. ఎందుకంటే తల్లికి రెండు వాక్యాలు గట్టిగా చెప్పాలంటే వాటి వెనుక ఉన్నదంతా మనకు తెలిసుండాలి. పునాది ఆమెకు చూపించనక్కర్లేదు గానీ, అది ఉండాలి.

దావీదు మాట చదివే ముందు

ఇలాంటి ఇంట్లో చాలామంది తెరిచేది రెండో సమూయేలు 12వ అధ్యాయం. బిడ్డకు జబ్బు చేస్తే దావీదు ఉపవాసముండి, రాత్రంతా నేల మీద పడి బతిమాలుకున్నాడు. ఏడో రోజున బిడ్డ చనిపోయాడు. రాజుకు ఆ సంగతి చెప్పడానికి సేవకులకు ధైర్యం చాలలేదు. వాళ్ల గుసగుసలు చూసి ఆయనే గ్రహించాడు. అప్పుడు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం చేశాడు. ఇదేమిటని అడిగినవాళ్లకు ఆయన చెప్పిన మాటే అందరూ చదివేది: “నేను వానియొద్దకు పోవుదును గాని వాడు నాయొద్దకు మరల రాడు.”

చాలా గొప్ప మాట. కానీ జాగ్రత్తగా చదవాలి, దానికి కారణాలున్నాయి.

మొదటిది, ఆ అధ్యాయం మొదట్లోనే దావీదు పాపం వల్ల ఆ బిడ్డ చనిపోతాడని ఉంది. మీరు బైబిల్ ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోతే, నిద్రపట్టని రాత్రి ఆమె పై నుంచి చదువుతుంది. అప్పటికే “నేనేం పాపం చేశానో” అని లోపల కుమిలిపోతున్న మనిషి. అందుకే 23వ వచనం చదివిన వెంటనే నేను సూటిగా చెప్పేస్తాను: “దావీదు విషయంలో అది నాతాను ప్రవక్త దేవుని దగ్గర నుంచి తెచ్చిన మాట. నీ గురించి అలాంటి మాట ఎవరికీ రాలేదు. రాని మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు.”

ఒక ఇంట్లో ఆ మాట నిజంగానే పడింది. తల్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డ కోసం అల్లిన టోపీ ఆమె గుప్పిట్లో ఉంది. అంత చిన్న టోపీ, గుప్పిట్లో దాదాపు కనిపించడం లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, “ఏ పాపం ఏ రూపంలో కొడుతుందో” అంది. కావాలని అన్నది కాదు, అలవాటుగా వచ్చిన మాట. మంచం మీద ఆ గుప్పిట ఇంకా బిగుసుకోవడం నేను చూశాను. అప్పుడు యోహాను సువార్త 9వ అధ్యాయం మొదటి మూడు వచనాలు అందరికీ వినబడేలా చదివాను. పుట్టుగుడ్డివాణ్ని చూసి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడిని కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు. “పెద్దమ్మా, ఈ ప్రశ్న ఆయన్నే అడిగారు. జవాబు ఆయనే చెప్పాడు” అన్నాను. పెద్దావిడ తల ఊపింది. ఆ ఇంట్లో మళ్లీ ఆ మాట రాలేదు. తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని యెహెజ్కేలు 18:20లో ఉంది, ఆ వచనం కూడా గుర్తుపెట్టుకోండి.

రెండోది, “వానియొద్దకు పోవుదును” అంటే ఏమిటి? నేనూ ఏదో ఒక రోజు చచ్చి మట్టిలో కలుస్తాను అని మాత్రమే దాని అర్థమని చెప్పే పండితులున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. నేను మాత్రం అందులో నిరీక్షణ ఉందనే నమ్ముతాను. వట్టి సమాధే కనిపిస్తుంటే మనిషి అలా లేచి మొక్కి అన్నం తినడు. ఇదే దావీదు తర్వాత తన ఇంకో కొడుకు అబ్షాలోము చచ్చాడని విన్నప్పుడు ఎలా ఉన్నాడో 18వ అధ్యాయం చివర చూడండి. నీకు బదులు నేను చచ్చిపోయినా బాగుండేదని గుమ్మం పైగదిలో కుప్పకూలి ఏడ్చాడు. వాడి దగ్గరికి వెళ్తానన్న మాట ఆ రోజు రాలేదు. రెండు దుఃఖాలకూ తేడా ఉంది. అయినా మన నిరీక్షణ మొత్తాన్ని ఈ ఒక్క వచనానికే వేలాడదీయకండి. అంత బరువు ఒక్క వాక్యం మీద పెడితే, రేపు ఎవరో ఇంకో అర్థం చెప్పగానే ఆమె గుండె మళ్లీ జారిపోతుంది.

మూడో జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. “నేనూ దాని దగ్గరికి వెళ్లిపోతాను” అని తల్లి అంటే, దావీదు మాట చెప్పిందనుకుని ఆమేన్ అనకండి. కాన్పు తర్వాత శరీరం అలిసి ఉంటుంది, మనసు కుంగి ఉంటుంది. ఆ మాటకు చచ్చిపోవాలనుందని అర్థం కావచ్చు. నేరుగా అడగండి: “చనిపోవాలనిపిస్తోందా తల్లీ?” అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన చేస్తే సరిపోతుందని ఊరుకోవద్దు. దావీదు లేచి అన్నం తిన్నాడు, బతికాడు. ఆ వచనంలో అదీ భాగమే.

యేసు ఎత్తుకున్న పిల్లలు

నన్ను అడిగితే, అసలు పునాది ఇక్కడుంది. మార్కు 10:13-16. పిల్లల్ని తీసుకొస్తే శిష్యులు గద్దించారు. యేసుకు కోపం వచ్చింది. పిల్లల్ని ఎత్తి కౌగిలించుకుని, వాళ్ల మీద చేతులుంచి ఆశీర్వదించాడు. లూకా 18:15లో అయితే వాళ్లు చంటిపిల్లలు. వాళ్లు పశ్చాత్తాపపడలేదు, విశ్వసిస్తున్నామని ఒప్పుకోలేదు, వాళ్లకు బాప్తిస్మమైందని ఎక్కడా లేదు. అయినా “దేవునిరాజ్యము ఈలాటివారిదే” అన్నాడు.

ఆ మాటతో ఆయన పెద్దవాళ్లకు పాఠం చెబుతున్నాడు, మీరు చిన్నబిడ్డల్లా రాజ్యాన్ని అంగీకరించాలని. నిజమే. పిల్లల మరణం గురించి చెప్పిన ప్రసంగం కాదు అది. కానీ పాఠం చెప్పడానికి మాత్రమే వాళ్లను వాడుకుని పంపేయలేదు కదా. ఎత్తుకున్నది ఆ పిల్లల్నే, దీవించింది ఆ పిల్లల్నే. తనకేమీ ఇవ్వలేని వాళ్లను ఆయన ఎలా చేర్చుకుంటాడో అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మత్తయి 18:14 కూడా కలిపి చదవండి: ఈ చిన్నవారిలో ఒకడైనా నశించడం తండ్రి చిత్తం కాదు.

పాత నిబంధనలో మూడు చోట్లు చూసి ఉంచుకోండి. ద్వితీయోపదేశకాండము 1:39లో, నమ్మక తిరగబడిన పెద్దవాళ్లు వాగ్దాన దేశంలోకి వెళ్లరు, మంచిచెడ్డలు తెలియని వాళ్ల పిల్లలు వెళ్తారు అన్నాడు దేవుడు. యెషయా 7:15-16లో కీడును వదిలి మేలును కోరుకోవడం తెలియని వయసు ఒకటుందని ఉంది. యోనా పుస్తకం ఆఖరి వచనంలో, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమందికి పైగా ఉన్న నీనెవె మీద నేను జాలిపడకూడదా అని దేవుడే అడుగుతాడు. ఆ లెక్క పసిపిల్లలదేనా, పట్టణం మొత్తానిదా అన్నదాని మీద వాదన ఉంది. ఎలా చూసినా ఎరుగనివాళ్ల మీద దేవుని జాలి అక్కడ కనిపిస్తుంది.

వీటి నుంచే, ముఖ్యంగా బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో, “లెక్క అప్పగించే వయసు” అనే బోధ వచ్చింది. మంచిచెడ్డలు తెలిసి ఎంచుకునే వయసు రాకముందే పోయిన పిల్లలు రక్షణలోనే ఉంటారని దాని సారం. ఆ వయసు ఇంత అని బైబిల్లో ఎక్కడా లేదు. యేసు పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నాడని పన్నెండు అనేవాళ్లున్నారు. అరణ్యంలో ఇశ్రాయేలీయుల్లో ఇరవై ఏళ్లు పైబడినవాళ్లకే తీర్పు వచ్చిందని ఇరవై అనేవాళ్లున్నారు. మీరు ఏ అంకె చెప్పకండి. తొమ్మిదేళ్ల కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఆ అంకెను పట్టుకుని లెక్కలు వేస్తాడు. “వాడికి అన్నీ తెలుసు కదండీ” అంటాడు. అలాంటప్పుడు వయసు సంగతి పక్కనపెట్టి పిల్లాడి గురించే అడగండి. ఏం పాటలు పాడేవాడు, ఏమని ప్రార్థించేవాడు? పిల్లల విశ్వాసం పిల్లల సైజులోనే ఉంటుంది, అదీ విశ్వాసమే. పెద్దయినా మనసు పసివాడిలాగే ఉండిపోయిన బిడ్డల విషయంలోనూ ఇదే నిరీక్షణ చెప్పొచ్చు.

“ఏ పాపం తెలియని పసివాడు” అంటే సరిపోతుందా?

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. పసివాడికి పాపం లేదు కాబట్టి నేరుగా పరలోకం అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ దావీదే 51వ కీర్తనలో “నేను పాపములో పుట్టినవాడను” అన్నాడు. రోమా 5:12లో పౌలు ఆదాము ద్వారా పాపం, పాపం ద్వారా మరణం అందరికీ వచ్చాయన్నాడు. చనిపోయిన పసిబిడ్డే దానికి సాక్ష్యం, తాను చేసిన తప్పేమీ లేకుండానే మరణం ఆ బిడ్డను ముట్టింది. బిడ్డకు పాపంతో సంబంధమే లేదంటే, యేసుతో అవసరం లేని మనిషి ఒకరున్నారని మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇది సిద్ధాంతం గొడవే అయితే ఇంత రాయను. ఆదరణ దగ్గరే తేడా వస్తుంది. ఆరేళ్ల పిల్లను పోగొట్టుకున్న ఒక తల్లి, “వారం ముందు అబద్ధం చెప్పిందని కొట్టానండీ, అది పాపం కిందికొస్తుందా?” అని అడిగింది. బిడ్డ అమాయకత్వం మీద ఆశ పెట్టుకున్న మనిషికి ఆ ఒక్క అబద్ధం చాలు, ఉన్న ఆశ పోవడానికి. ఆమెకు నేను చెప్పింది: “ఆ అబద్ధానికి కూడా యేసయ్య సిలువ మీద చనిపోయాడు. నీ బిడ్డ మంచిదని ఆయన చేర్చుకోలేదు, ఆయన మంచివాడు కాబట్టి చేర్చుకున్నాడు.” ఆ మాట మీద ఆమె నిలబడింది.

పసిబిడ్డ రక్షణ మన రక్షణలాంటిదే. ఏ క్రియా లేకుండా, వట్టి కృపతో. మనం విశ్వాసంతో చేయి చాపి అందుకుంటాం, చేయి చాపలేని బిడ్డను ఆయనే ఎత్తుకుంటాడు. ఆత్మ పని చేయడానికి వయసు రావాలని లేదు. తల్లి గర్భంలో ఉండగానే యోహాను పరిశుద్ధాత్మతో నిండుకుంటాడని లూకా 1:15లో దూత చెప్పాడు.

ఇది బైబిల్లో ఒకే వాక్యంగా రాసి ఉందా? లేదు. చనిపోయిన పసిపిల్లలందరూ రక్షించబడతారని అక్షరాలా చెప్పే వచనం లేదు. నశిస్తారని చెప్పే వచనమూ లేదు. దేవుడు ఎలాంటివాడో తెలిసినదాన్ని బట్టి మనం నమ్ముతున్నాం. అబ్రాహాము అడిగినట్టు, “సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?”

సంఘాలు ఎక్కడ విడిపోయాయి

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, ఒకే ఇంట్లో అమ్మమ్మ కథోలిక నేపథ్యం, తండ్రిది లూథరన్, తల్లి పెంతెకోస్తు సంఘానికి వెళ్తుంది అన్నట్టు ఉంటుంది. ఎవరి భయం ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే జవాబు గురి తప్పుతుంది.

బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డ గురించిన భయానికి మూలం యోహాను 3:5, నీటిమూలంగా ఆత్మమూలంగా పుట్టాలన్న మాట. ఆ వచనం, రోమా 5 కలిపి చదివి తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను (354-430) బాప్తిస్మం లేని శిశువులకు పరలోకం లేదన్నాడు, అయితే వాళ్ల శిక్ష అన్నిటికంటే తేలికైనదన్నాడు. అది మింగుడుపడక మధ్యయుగాల్లో పండితులు లింబో అన్నారు. బాధ ఉండదు, దేవుని ముఖదర్శనమూ ఉండదు. కథోలిక సంఘం దాన్ని తప్పనిసరిగా నమ్మాల్సిన సిద్ధాంతంగా ఎన్నడూ ప్రకటించలేదు. 1992లో వచ్చిన ఆ సంఘ బోధల గ్రంథం సత్యోపదేశంలో లింబో మాటే లేదు, జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేకుండా పోయిన పిల్లలను దేవుని కనికరానికి అప్పగిస్తున్నామని ఉంది. 2007లో వాటికన్ అంతర్జాతీయ వేదాంత సంఘం, ఆ పిల్లల రక్షణ గురించి ఆశపడటానికి గట్టి ఆధారాలున్నాయని, అయితే అది నిశ్చయ జ్ఞానం కాదు, ఆశ అని చెప్పింది. జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్న తల్లిదండ్రుల బిడ్డకు బిషప్ అనుమతితో సంఘ భూస్థాపన చేయొచ్చని 1983 నాటి వాళ్ల చట్టంలోనే ఉంది. “జ్ఞానస్నానం కాలేదు, ఏమైపోతుందో” అని ఏడ్చే అమ్మమ్మకు ఈ సంగతులు చెప్పండి, ఆమె సంఘమే చెప్పిన మాటగా చెప్పండి. బిడ్డ ఇంకా ఊపిరితో ఉంటే, అత్యవసరంలో ఆ సంఘంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. మీది ఆ బోధ కాకపోయినా ఆ కుటుంబం కోరితే అడ్డుపడకండి.

లూథరన్లు శిశు బాప్తిస్మాన్ని గట్టిగా పట్టుకుంటారు. అయినా 1542లో లూథర్ గర్భం పోయిన స్త్రీల కోసం ఒక చిన్న రచన చేశాడు. బిడ్డను దేవునికివ్వాలని తల్లి లోపల పడిన ఆరాటాన్ని, మూలుగును దేవుడు ప్రార్థనగా వింటాడని, ఆ బిడ్డను పోయినట్టుగా ఎంచకూడదని అందులో సారం. అదే ఏడు ఆయన కూతురు మగ్దలేనా పదమూడేళ్లకు కన్నుమూసింది. ఆంగ్లికన్ల 1662 ప్రార్థన పుస్తకం, బాప్తిస్మం పొంది, తానుగా పాపం చేయకముందే చనిపోయిన పిల్లలు నిస్సందేహంగా రక్షించబడతారంటుంది. బాప్తిస్మం లేనివాళ్లకు మాత్రం ఆ భూస్థాపన క్రమం వాడకూడదంటుంది. ఆ రెండో నియమం ఎన్ని గుండెల్ని కోసిందో.

రిఫార్మ్‌డ్ సంఘాలు దేవుడు విశ్వాసులతో, వాళ్ల పిల్లలతో చేసిన నిబంధన వైపు నుంచి ఆలోచించాయి. 1618-19లో నెదర్లాండ్స్‌లో కూడిన వాళ్ల డార్ట్ సభ, పసితనంలో పోయిన తమ పిల్లల రక్షణ గురించి దైవభక్తిగల తల్లిదండ్రులు సందేహించకూడదని రాసింది. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం “ఏర్పరచబడిన శిశువులు”, అంటే దేవుడు రక్షణ కోసం ఎంచుకున్న శిశువులు, రక్షించబడతారంది. మిగతావాళ్ల మాటేమిటన్న ప్రశ్న అలాగే నిలిచింది. 1903లో అమెరికా ప్రెస్బిటేరియన్లు, శైశవంలో చనిపోయే పిల్లలందరూ ఆ ఏర్పాటులో ఉన్నారని తమ నమ్మకంగా చేర్చారు. బాప్టిస్టు బోధకుడు స్పర్జన్ 1861లో లండన్‌లో ఇదే విషయం మీద ప్రసంగిస్తూ, పసిపిల్లలందరూ రక్షణ పొందుతారని తేల్చి చెప్పాడు. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు ఆదాము నుంచి మరణం, చెడుగు వచ్చాయంటాయి గానీ అపరాధం వచ్చిందనవు, కాబట్టి లింబో అవసరం వాళ్లకు రాలేదు.

స్పర్జన్ తీసుకున్న వాక్యం రెండో రాజులు 4:26, షూనేమీయురాలు “సుఖముగా ఉన్నాము” అన్న మాట. బిడ్డ చనిపోయి ఉండగా అలా అంది ఆమె. దాన్ని మొదటి రోజు మాత్రం చదవకండి. ఆ కథలో బిడ్డ లేచాడు. “మరి నా బిడ్డ ఎందుకు లేవలేదు?” అనే ప్రశ్న ఆమెకు కొత్తగా తెచ్చిపెట్టకండి.

క్రైస్తవులు కాని ఇంట్లో

పక్కింటివాళ్లు వేరే మతం వాళ్లు, ఆ తల్లీ ఇదే అడుగుతుంది. డార్ట్ సభ విశ్వాసుల పిల్లల గురించే మాట్లాడింది, దాంతో కొందరు అక్కడ నోరు మూసుకుంటారు. నాకు నీనెవె గుర్తొస్తుంది. అది అన్యుల పట్టణం, ఇశ్రాయేలుకు శత్రువుల పట్టణం. అక్కడి ఎరుగనివాళ్ల మీద దేవుడు జాలిపడ్డాడు. ఆ తల్లికీ నేను అదే జవాబు చెబుతాను, అంతే గట్టిగా. ఆ రోజు ఆమెను సంఘానికి రమ్మని పిలవను. “నువ్వు నమ్ముకుంటే నీ బిడ్డను చూస్తావు” అని బిడ్డను ఎరగా పెట్టడం నాకు చాలా అసహ్యం. ఆమె తర్వాత తనంతట తాను యేసు గురించి అడిగితే, అప్పుడు మనస్ఫూర్తిగా చెప్పండి.

గర్భంలోనే పోయిన బిడ్డల తల్లులను మర్చిపోకండి. వాళ్లకు భూస్థాపన ఉండదు, పరామర్శ ఉండదు. “పేరు కూడా పెట్టలేదమ్మగారూ, దేవుడు ఏమని పిలుస్తాడు?” అని ఒకామె అడిగింది. 139వ కీర్తనలోని “నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను” అన్న మాట చదివి, ఇప్పుడైనా పేరు పెట్టుకోవచ్చన్నాను. ఆమె పెట్టుకుంది. ఆ పేరుతోనే ప్రార్థన చేశాం. గర్భం తీయించుకుని ఏళ్ల తరబడి లోపలే కుమిలిపోయే స్త్రీ ఎవరైనా మీ దగ్గరికొస్తే, బిడ్డ గురించి అదే జవాబు, ఆమె గురించి మొదటి యోహాను 1:9, పాపాలు ఒప్పుకుంటే క్షమించే దేవుడు. ముందు జవాబు చెప్పి తర్వాత వినడం కాదు, ముందు పూర్తిగా వినండి.

ఆ గదిలో చేయాల్సినవి, మానాల్సినవి

“దేవుడికి పువ్వు కావలసి వచ్చింది, కోసుకున్నాడు” అనకండి. తల్లి ఒడిలోంచి లాక్కునే దేవుణ్ని ఆమె ఎలా ప్రేమించాలి? “దేవదూత అయిపోయింది” అనీ అనకండి. మనుషులు దూతలవుతారని బైబిల్లో లేదు. ఆ బిడ్డ బిడ్డగానే ప్రభువు దగ్గర ఉంది, పునరుత్థానంలో లేస్తుంది, దూత కావడంకంటే అది గొప్ప సంగతి. “మళ్లీ పుడతారులే” అనకండి. “ఏడవకు, విశ్వాసులం కదా” అసలే అనకండి. లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు.

శరీరాన్ని పట్టించుకోండి. పుట్టగానే బిడ్డ పోయినా, కాన్పైన రెండు మూడు రోజులకు పాలు పడతాయి. జాకెట్ తడిసి, రొమ్ములు గడ్డకట్టి నొప్పి పుడుతుంటే ఆమె ఎవరికీ చెప్పుకోలేక చున్నీ కప్పుకుని కూర్చుంటుంది. మగవాళ్లకు తట్టదు, ఆడవాళ్లు సిగ్గుతో అడగరు. మీరు అడగండి, నర్సుకో డాక్టర్‌కో ఫోన్ చేయించండి. చల్లటి గుడ్డ తడిపి ఇవ్వండి. ఆ పూట నేను చేసిన పెద్ద పరిచర్య చాలాసార్లు అదే.

ఇంట్లో వేరే పిల్లలుంటే “చెల్లి నిద్రపోయింది” అని చెప్పొద్దు. వాళ్లు రాత్రి పడుకోవడానికి భయపడతారు. చెల్లి చనిపోయింది, దాని శరీరం ఇక పనిచేయదు, యేసయ్య దాన్ని తన దగ్గర ఉంచుకున్నాడు, నువ్వు అన్నదాని వల్ల గానీ చేసినదాని వల్ల గానీ చనిపోలేదు అని చెప్పండి. ఆ చివరి ముక్క తప్పకుండా చెప్పండి. చెల్లి మీద అసూయపడిన పిల్లలు తమ వల్లే పోయిందనుకుంటారు.

సమాధి దగ్గర ప్రసంగం క్లుప్తంగా ఉండాలి. మార్కు 10, కావాలంటే దావీదు మాట, ఒక ప్రార్థన. నేను పాస్టర్‌గారికి రాసిచ్చే ప్రార్థన ఇలా ఉంటుంది: “ప్రభువా, ఈ బిడ్డను మేము కొద్దికాలమే చూశాం, నీవు మొదటి నుంచీ చూశావు. నీ సిలువను బట్టి ఈ బిడ్డను చేర్చుకో. వీళ్లు అడిగే ప్రశ్నలకు కోపపడకు. నీవు ఎత్తుకున్న బిడ్డతో కలిసి వీళ్లను నీ రాకడ దినాన నిలబెట్టు. ఆమేన్.” బిడ్డ పేరు కనీసం ఒక్కసారైనా పలకమనండి.

ఇక తండ్రి. అందరూ లోపలి గదిలో ఉంటారు, ఆయన బయట వచ్చేపోయేవాళ్లకు కుర్చీలు వేస్తుంటాడు, కాగితాల మీద సంతకాలు పెడుతుంటాడు, చిన్న పెట్టెను తన చేతులతో మోస్తాడు. “ఆమెను జాగ్రత్తగా చూసుకో” అని ప్రతి ఒక్కరూ ఆయనకు చెప్పి వెళ్తారు. మీ సంఘంలో నిదానస్తుడైన ఒక పెద్దను పది రోజుల తర్వాత ఆయన దగ్గరికి పంపండి. ఫోన్ చేయడం కాదు, మనిషే వెళ్లాలి. “నువ్వెలా ఉన్నావు?” అని అడిగి కూర్చోమనండి. చాలాసార్లు కాసేపటికి ఆయనా అదే ప్రశ్న అడుగుతాడు. ఆ పెద్దకు ముందే ఆ రెండు వాక్యాలు నేర్పి పంపండి.